పాత తుపాకుల వెల

ఎనుమాముల మార్కెట్టు యార్డునకు మిరప తెచ్చు రైతునకు సరకు వెలకట్టు విద్యను ఎవరును నేర్పనక్కఱలేదు. బస్తామూతి విప్పి, పిడికెడు కాయ తీసి, తొడిమ చూచి, చేత నలిపి, తేమ యెంత, తాలు ఎంత, రంగు నిలుచునా నిలువదా యని క్షణములో తేల్చుకొనును. అడ్తిదారు చెప్పిన మాటయు, దడ్వాయి తూచిన తూకమును సరియో కాదో అతడెఱుగును. తేజ యని తెచ్చిన బస్తాలో వేఱు రకము కలిసినదా, చపాట యని చెప్పినది నిజముగా చపాటయేనా యనుటలో అతనిని మోసగించుట కష్టము. ఇట్టి నిపుణులున్న ప్రాంతమునందే, తాతలనాటి వస్తువొకటి యింటినుండి వెడలిపోవునపుడు మాత్రము దాని వెల యడుగువాడు లేకపోవుట మాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది.

మేము చెప్పబోవునది తుపాకులను గూర్చి. ఇటీవల ఆ యార్డునకు సరకు తెచ్చిన యొక పెద్దరైతు మాతో ముచ్చటించుచు తన యింటి సంగతి చెప్పెను. ఆయన యింట లైసెన్సుగల తుపాకులు మూడుండెడివి. తాతగారి నాటి భర్మారు ఒకటి; తండ్రిగారు కొన్న పండ్రెండు బోరు జంటగొట్టపు తుపాకి ఒకటి; అడవిపందుల బాధకు తాను సంపాదించిన .315 రైఫిలు ఒకటి. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆయుధచట్టమును సవరించి, ఒక మనుష్యుని యొద్ద మూడు తుపాకులుండవచ్చునన్న హద్దును రెంటికి తగ్గించినది. మిగిలినదానిని ఏడాదిలోగా పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని దాఖలు చేయవలెను. వారసత్వముగా వచ్చిన తుపాకికి సైతము మినహాయింపు లేదు. "ఒకటి పోవలెనన్నారయ్యా; పేలనిదే పోనిమ్మని తాతదాని నిచ్చితిమి" అని ఆయన చెప్పెను. వర్తకుడొకడు దానిని తీసికొని యిచ్చిన పైకము ఒక మిరపబస్తా వెలకైనను చాలదట. అది యిప్పుడెక్కడనున్నదో ఆయనకు తెలియదు.

మూడింటిలో నిలుపుకొనదగినది ఆ భర్మారే. తక్కిన రెండును అంగడి సరకులు. వానివంటివి దేశమున లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఆ తాత తుపాకివంటిది మఱియొకటి లేదు. మిరపకాయలో తాలు నేఱగల కన్ను తుపాకివిషయమున తాలు నిలుపుకొని గట్టికాయ పాఱవేసినది. ఇందుకు ఆ రైతును నిందింపము. ఏది యెట్టిదో చెప్పువారొక్కరైనను ఆయనకు దొరకలేదు.

మేము ఆయుధములను ఇంటింట నింపుకొనవలెనని వాదించువారము కాము. ఈ మాట మొదటనే చెప్పుట మేలు. ఏలయనిన తుపాకి పేరెత్తగానే మనలో సగముమంది భయపడుదురు, తక్కిన సగము మీసము దువ్వుదురు. 1878 లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయులను నిరాయుధులను జేసి, తెల్లవారిని విడిచిపెట్టినది. ఆ యవమానమును మన జాతీయోద్యమము మఱవలేదు. అహింసాచార్యుడైన గాంధీమహాత్ముడే 1918 లో ఖేడా జిల్లాలో ప్రచురించిన కరపత్రమున, బ్రిటిషుపాలనయొక్క దుష్కార్యములలో ఈ చట్టమును చరిత్ర మిక్కిలి నల్లనిదిగా నెంచునను భావమును వెల్లడించెను. 1931 లో సర్దారు పటేలు అధ్యక్షతను జరిగిన కరాచీ కాంగ్రెసు, పౌరుల ప్రాథమిక హక్కులలో నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ చేర్చినది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్‌గారు ఆ హక్కును ముసాయిదాలో చేర్చుమని సవరణ తేగా, అంబేద్కరుగారు అంగీకరింపలేదు. సభ దానిని త్రోసివేసినది. మా యభిప్రాయమున సభ చేసినది సరియే. పరాయిదొరతనము మనలను నమ్మక తీసికొన్న ఆయుధము వేఱు. స్వపరిపాలనలో శాంతికొఱకు ప్రజలు తమంత తాము విధించుకొన్న హద్దు వేఱు. అయితే హద్దు విధించునప్పుడు, ఆ హద్దునకు వెలుపల పడిన వస్తువు ఏమగుచున్నదో చూడవలసిన బాధ్యతయు మనదే. అపాయము నుడుపుట ఒకటి, జ్ఞాపకమును నుడుపుట మఱియొకటి. మొదటిదానికై రెండవది చేయనక్కఱలేదని మా వాదము.

పాత సైనిక తుపాకి కేవలము ఇనుపకడ్డీ కాదు. దానిని చదువనేర్చినవానికి అది పాలకుల మనస్సును విప్పిచెప్పు దస్తావేజు. 1857 నాటి తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువారు నల్లసిపాయిలకిచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకుల గొట్టములలో చాళ్ళు లేవు. తెల్లసిపాయి తుపాకిలో మెలికచాళ్ళుండును. గుండు గిరగిర తిరుగుచు దూరముగా, సూటిగా పోవును. పక్కననే నిలిచి అదే జెండాక్రింద ప్రాణమిచ్చు మనవాని తుపాకి పైకి అట్లే కన్పట్టును, లోపల నున్నగా నుండును. తెల్లవారికి మార్టినీ-హెన్రీ వచ్చినపుడు మనవారికి స్నైడరు. వారికి తూటాలపెట్టెగల లీ-మెట్‌ఫర్డు వచ్చిన తరువాతనే మనవారికి మార్టినీ. ఒక తరము వెనుకబడిన తుపాకినిచ్చుట యాదృచ్ఛికము కాదు, రాజనీతి.

ఈ రాజనీతి ఇరువదవ శతాబ్దమునను నశింపలేదు. వంగదేశమున ఇషాపూరు రైఫిలు ఫ్యాక్టరీలో త్రీనాట్‌త్రీ రైఫిళ్ళను మార్చి .410 బోరు మస్కెట్లుగా చేసిరి. గొట్టము లోపలి చాళ్ళను తీసివైచి, పది తూటాలు పట్టు పెట్టెలో చెక్కదిమ్మె బిగించి, ఒక్కొక్క తూటానే పెట్టుకొని కాల్చునట్లు దిద్ది, పోలీసులకును, కావలివారికిని ఇచ్చిరి. కావలివాడు తిరుగబడినను, అతని తుపాకి యెవరైన దొంగిలించినను, సైన్యపు తూటా దానికి పట్టరాదు. ఇదే బుద్ధితో సైనికుల తూటా సామాన్యుల రైఫిలునకు పట్టకుండునట్లు .315 బోరు మనదేశమున వేటతుపాకులకు వాడుకలోనికి వచ్చినది. ఇందలి విచిత్రమేమనగా, దొరలు పోయి దశాబ్దములు గడచినను, ఆ రైతు అడవిపందులకై పట్టుకొన్న రైఫిలు .315 దే. మన ప్రభుత్వపు ఆయుధ కర్మాగారములే దానిని చేసి అమ్మినవి. .303 రైఫిళ్ళును, .410 మస్కెట్లును మన ఆయుధ నిబంధనలలో ఇప్పటికిని సామాన్యునికి అందని తరగతిలోనే యున్నవి. ఈ నిబంధన తప్పని మేమనము. దాని పుట్టుక ఎక్కడనో తెలిసికొనవలెనని మాత్రమే మా మనవి.

వెలకట్టుటయను విషయమునకు వత్తము. ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది, ఎందుకనగా ఈ విద్య పేరిట మోసము మెండు.

మన ఠాణాలలోను, ఎన్‌సీసీ గదులలోను పెద్దలు చూచిన త్రీనాట్‌త్రీనే తీసికొందము. లీ-ఎన్‌ఫీల్డు జాతి రైఫిళ్ళు లోకమున సుమారు 1 కోటి 70 లక్షలు తయారైనవని లెక్క. 1895 లో మొదలై, 1904 నాటికి పొట్టి గొట్టముతో కొత్తరూపు దాల్చి, 1907 లో మూడవ మార్కుగా స్థిరపడి, రెండు ప్రపంచయుద్ధములు చూచినది. కాబట్టి కేవలము పాతది యగుటచేత దానికి వెల రాదు. మొదట చూడవలసినది మడమకును గొట్టమునకును నడుమనున్న యినుప మెడ. కుడివైపున కిరీటపు గుర్తు, దానిక్రింద రాజు పేరి పొడియక్షరములు, చేసిన కర్మాగారము పేరు, సంవత్సరము, మార్కు చెక్కబడియుండును. ఇషాపూరుదైనచో జి.ఆర్.ఐ. అని యుండును, గణతంత్రము వచ్చిన తరువాతివానిపై కిరీటము పోయి అశోకసింహము నిలిచినది. ఒక్క యంగుళము ఇనుముపై ఒక సామ్రాజ్యము దిగిపోవుట కనబడును! మూడవ మార్కు పక్క చుక్క యున్నచో అది మొదటి ప్రపంచయుద్ధమున త్వరత్వరగా చేయుటకై కొన్ని భాగములను మానివేసిన రకము. దూరపు గుంపులపై కాల్చుటకు పక్కన నుండు రెండవ గుఱిసాధనమును అందులో తీసివేసిరి.

తరువాత సంఖ్యలు. గొట్టముపై నున్న సంఖ్య, బోల్టు పిడిపై నున్న సంఖ్య, ముక్కుతొడుగుపై నున్న సంఖ్య, గుఱిపలకపై నున్న సంఖ్య ఒకటియే యైనచో ఆ తుపాకి పుట్టినపుడున్నట్లే కలిసియున్నదని అర్థము. బోల్టు వేఱొకదానిదైనచో వెల సగమగుటయే కాదు, పేల్చుట ప్రాణాంతకము. ఏలయనిన ప్రతి బోల్టును దాని గదికి సరిపడునట్లు అమర్చబడినది. కొన్నిటిపై డి.పి. అను ముద్రయుండును. అది కవాతునకే గాని కాల్చుటకు పనికిరాదని సైన్యమే వేసిన ముద్ర. దీనిని చెఱపి అమ్మజూచువాడు హంతకునితో సమానుడు.

గొట్టము లోపలి సంగతి దీపమునకు పట్టి చూచిన తెలియును. అయిదు చాళ్ళు ఎడమవైపునకు మెలికపడి పదునుగా మెఱయవలెను. నల్లని గుంటలు కన్పట్టినచో ఆ తుపాకి కాల్చిన తరువాత సరిగా కడుగబడలేదని తెలిసికొనవలెను. పాత తూటాలలోని మసాలా ఉప్పు మిగిల్చిపోయెడిది. అందుచే ఆ కాలపు సిపాయిలు సాయంకాలమున సలసల కాగు నీటిని గొట్టములో పోసి కడిగెడివారు. మందకొడి సిపాయి చేతి తుపాకియు, శ్రద్ధగల సిపాయి చేతి తుపాకియు నూఱేండ్ల తరువాత కూడ వేఱుపడి కన్పించును.

చెక్కభాగమున గీతలు, చమురు మఱకలు, ఎవరో కత్తితో చెక్కిన చిన్న గుర్తులు ఉన్నచో వానిని అట్లే యుంచవలెను. మనవారిలో ఒక దురభ్యాసమున్నది. పాతవస్తువు దొరకగానే దానికి ఇసుకకాగితము రుద్ది, వార్నీషు పూసి, ఇనుమునకు నికెలు మెఱుగు పెట్టించి, పెండ్లిలో దివాణపు గోడకు వేలాడదీయుదురు. ఇట్లు చేయుట తాళపత్రమును సున్నముతో కడిగి తెల్లగా చేసితినని సంతోషించుటవంటిది. ముద్రలు పోయిన తరువాత అది తుపాకియుగాదు, చరిత్రయుగాదు.

అబద్ధపు తుపాకులును కలవు. ఖైబరు కనుమ ప్రాంతపు పల్లెలలో ఆకురాయితో, చేతిపనితో చేసిన మార్టినీలు, ఎన్‌ఫీల్డులు నూఱేండ్లకు పైగా అమ్ముడుపోవుచున్నవి. పనితనము చూచిన నివ్వెఱపోవుదుము. కాని వానిపై ముద్రవేసిన కమ్మరికి ఇంగ్లీషు రాదు. అక్షరము తలక్రిందై యుండును, ఎన్ అను అక్షరము వెనుదిరిగి యుండును, రాణి చనిపోయిన తరువాతి సంవత్సరముతో రాణి పేరు చెక్కబడియుండును. ముద్ర చదువనేర్చినవాడు మోసపోడు. ముద్రను చూచి మురియువాడే మోసపోవును.

ఇంటింట మిగిలిన భర్మారులకు మఱియొక హెచ్చరిక. ముందునుండి మందు కూరి పేల్చు ఈ తుపాకులలో పెక్కింటియందు ఎప్పటిదో మందును, రవ్వలును లోపలనే యుండిపోయినవి. తాత నింపిపెట్టినది మనుమడెఱుగడు. నల్లమందు పొడిగా నున్నంతకాలము ఏండ్లు గడచినను చావదు. ఇట్టి దాని మూతివైపు నిలువరాదు; నిప్పుదగ్గఱ చేర్పరాదు; పిల్లలచేతికి ఈయరాదు. తెలిసిన పోలీసు ఆర్మరరును పిలిపించి కాళీ చేయింపక, ఏ శోధనయు ఇంట చేయరాదు.

రూపాయలలో వెల యెంతయని యడుగువారికి మా సమాధానము నిరాశ కలిగించును. మనదేశమున పాత తుపాకికి నిజమైన బజారు లేదు. 1980 దశకము నడుమ నుండి సామాన్యులకు విదేశపు తుపాకుల దిగుమతి ఆగిపోయినందున, అంతకుముందు వచ్చిన ఇంగ్లీషు తుపాకులకు లేని గొప్ప వచ్చినది. ఇంగ్లండున చవుకగా పోవు రివాల్వరునకు ఇచ్చట పొలము అమ్మిన డబ్బు చాలదందురు. ఇది వస్తువు గుణమువలన వచ్చిన వెల కాదు, మూసిన గుమ్మమువలన వచ్చినది. గుమ్మము తెఱచిననాడు కుప్పకూలును. దానిని నమ్మి పైకము పెట్టువాడు శీతలగిడ్డంగిలో తాలుకాయ దాచినవాని పాటు పడును.

అసలు వెల యెక్కడనున్నది? సాక్ష్యమునందున్నది. ఫలానా వస్తువు ఫలానా చేతినుండి ఫలానా నాడు వచ్చినదను వ్రాతమూలమునందున్నది. ఇందుకు మన తెనుగుగడ్డపైననే యొక గొప్ప నిదర్శనము కలదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి 26 తుపాకులను తీసికొనెను. మిరపకాయ టపా పంపి, ముందుగా చెప్పి వచ్చువాడని ప్రజలు నేటికిని చెప్పుకొందురు. అంతకన్న మాకు ఆశ్చర్యమైనది వేఱొకటి: తీసికొన్న ఆయుధములకు ఠాణా పుస్తకములో తానే పద్దు వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. దొంగ పద్దు వ్రాయడు. తాను చేయునది యుద్ధమని యెఱిగినవాడు వ్రాయును. తుపాకులను సేకరించువారందఱును ఆయన పాదములచెంత ఈ యొక్క పాఠము నేర్చుకొనవలసియున్నది. పద్దులేని తుపాకి వట్టి యినుము, పద్దుగలది సాక్షి.

తెలంగాణమున ఈ సాక్షులకు కొదువలేదు, పద్దులకే కొదువ. 1946 జూలై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకిగుండునకు బలియయ్యెను. ఆనాడు జనులచేతిలో నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. తరువాతి అయిదేండ్లలో ఈ ప్రాంతమున తుపాకి ఎన్నియో చేతులు మాఱినది. గడి గోడనుండి దళము భుజమునకు, దళమునుండి పోలీసు ఠాణాకు, ఠాణానుండి తిరిగి అడవికి. బైరాన్‌పల్లి గ్రామస్థులు తమ బురుజుపై కావలియుండి, నాటుతుపాకులతో రజాకార్లను మొదట తిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27 న రజాకార్లును, నిజాము బలగమును కలిసి విరుచుకొనిపడి తొంబదిమందికి మించి జనులను చంపిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. 1947 సెప్టెంబరు 2 న పరకాలలో జాతీయజెండా యెత్తవచ్చినవారిపై కాల్పులు జరిగినవి. మృతవీరులకు అచ్చట స్మారకము వెలసినది. బురుజునకు రాతిగోడలున్నవి, వీరులకు విగ్రహములున్నవి. ఆ చేతులలోని తుపాకు లేవి?

1948 లో సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి లాంకాస్టరు జాతి విమానములలో రాత్రివేళ నిజాము రాజ్యమునకు ఆయుధములు చేరవేసెను. తరువాత లండను న్యాయస్థానము ఆయనకు జరిమానా విధించినది. సెప్టెంబరు 13 న భారతసైన్యము ప్రవేశించి, 17 నాటికి పోరు ముగిసి, 18 న జనరల్ ఎల్ ఎద్రూసు మేజరు జనరల్ చౌధురికి లొంగిపోయెను. 1951 అక్టోబరున కమ్యూనిస్టు పార్టీ సాయుధపోరాటమును విరమించినది. లొంగిపోయిన సైన్యపు తుపాకి, రజాకారు పాఱవేసి పరుగెత్తిన తుపాకి, దళము నేలలో పాతిపెట్టిన తుపాకి, ఇవన్నియు ఎచ్చటికో పోయినవి. కొన్ని నేటికిని ఏ పాతగోడలోనో, ఏ పూడినబావిలోనో యుండవచ్చును. ఇంటిగోడ కూల్చునపుడు బయటపడినచో ఇంటివారు హడలిపోయి రాత్రికిరాత్రి చెఱువులో పడవేయుటకే చూతురు. తెచ్చియిచ్చినవానిని ముద్దాయిగా నిలుపుదురేమోయను భయము వారిది. ఆ భయమును నిరాధారమని మేమనజాలము.

ఇచ్చట మన పాఠకులలోని భూస్వాములకు ఒకమాట చెప్పవలెను. వారికి రుచింపకపోవచ్చును. గడి గోడకు వ్రేలాడిన తుపాకి కొందఱికి వంశగౌరవము, దాని యెదుట చేతులు కట్టుకొని నిలిచినవాని మనుమనికి అది వంశభయము. రెండును చరిత్రయే. గడి తుపాకిని దాచి బైరాన్‌పల్లి తుపాకిని మాత్రమే చూపింతుమన్నను, దానిని దాచి దీనిని చూపింతుమన్నను అది ప్రదర్శనము కాదు, ప్రచారము. ఒక్క గాజుపెట్టెలో రెండును పక్కపక్కన నుండవలెను. క్రింద వ్రాయు చీటీలో ఎవరి చేతిదో, ఎవరిపై పేలినదో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. మీ తాతగారి పేరు ఆ చీటీలో వచ్చుటకు మీరు వెనుకాడినచో మేమర్థము చేసికొందుము. అయినను వ్రాయవలెననియే కోరుదుము.

ఇతరుల యనుభవము చూడుడు. 1962 లో చీనావారు హిమాలయములపైకి వచ్చినపుడు మన జవానులు పట్టుకొని నిలిచినది ఈ బోల్టు త్రిప్పు త్రీనాట్‌త్రీనే. ఆ తరువాత సైన్యమునకు కొత్తవి వచ్చినవి, పాతవి పోలీసులకు దిగినవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్రదినోత్సవపు కవాతుతో దానికి వీడ్కోలు చెప్పిరి. ఇంకొకవైపు నేపాళమును చూడుడు. కాఠ్మాండులోని లగన్ సిలేఖానా అను పాతకోటలో తరతరములుగా పేరుకొన్న తుపాకులను 2003 ప్రాంతమున అమెరికా వర్తకులు మొత్తముగా కొనిపోయిరి. బ్రన్స్‌విక్కులు, మార్టినీలు సరే. నేపాళపు పనివారు తమ చేతితో చేసిన గహేంద్ర రైఫిళ్ళు సైతము వానితో వెడలినవి. నేడు ఆ రైఫిలును చూడగోరు నేపాళీయునికి అమెరికా వర్తకుని జాబితా కాఠ్మాండుకన్న దగ్గఱ. మన ఇషాపూరు రైఫిళ్ళును అమెరికా అంగళ్ళలో అమ్ముడుపోయినవి. అచ్చటి సేకర్తలు వాని స్క్రూలను సైతము లెక్కించి గ్రంథములు వ్రాసిరి. మన కర్మాగారపు చరిత్రను మనము వారిని అడిగి తెలిసికొనవలసివచ్చుట గొప్పయా?

మన చట్టములలోనే దారి లేకపోలేదు. 1959 ఆయుధచట్టము 45 వ సెక్షను, కాలము చెల్లిన రీతివో, పురావస్తు విలువగలవో, చెడిపోయినవో యై, మరమ్మతుచేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని ఆయుధములను చట్టపు పట్టునుండి విడిచిపెట్టినది. 1972 పురావస్తు చట్టము నూఱేండ్లు నిండిన చారిత్రక వస్తువును పురావస్తువుగా నెంచును. 1917 ముద్రగల రైఫిలు ఆ వయస్సును దాటినది. ఒక చట్టము కంట అది ఆయుధము, మఱియొక చట్టము కంట అది పురావస్తువు కాదగినది. ఠాణావారు పురావస్తుశాఖను అడుగరు, పురావస్తుశాఖవారు ఠాణా గదిలోనికి తొంగిచూడరు. ఈ రెండు శాఖలనడుమ తాతల తుపాకులు తుప్పుపట్టుచున్నవి.

మేము కోరునది కొంచెమే. దాఖలైన తుపాకిని గాని, సేవనుండి తొలగించిన పోలీసు రైఫిలును గాని కొలిమికి పంపుటకు ముందు ఒక్కసారి చూడవలెను. పోలీసు ఆర్మరరు ఒకరు, పురావస్తుశాఖ యుద్యోగి ఒకరు, కాకతీయ విశ్వవిద్యాలయపు చరిత్రాధ్యాపకుడొకరు కలిసి ముద్రలు, సంఖ్యలు వ్రాసికొని, ఛాయాచిత్రము తీసి, తెచ్చియిచ్చిన కుటుంబము చెప్పు కథను చెప్పినట్లే కాగితమున పెట్టవలెను. నూటిలో తొంబది అయిదు కొలిమికే పోవచ్చును. పోనిండు, ఇనుము కరగుటకు మాకు దుఃఖము లేదు. తక్కిన అయిదింటిని మరల పేలకుండునట్లు గొట్టము మూసి, బోల్టుముఖము కోసి, వరంగల్లుననే ప్రజలు చూచుచోట నుంచవలెను. పేలకుండ చేయు పని జిల్లాలోనే జరుగునట్లుండవలెను. గోడలోనో బావిలోనో దొరికినదానిని తనంత తాను తెచ్చియిచ్చు గృహస్థునిపై కేసు పెట్టబోమని జిల్లా యధికారులు బహిరంగముగా ప్రకటింపవలెను. ఆ ప్రకటన లేనిచో చెఱువులే మన ప్రదర్శనశాలలగును. హైదరాబాదున సాలార్‌జంగు మ్యూజియములో నవాబుల కత్తులు, పిడిబాకులు చక్కగా నున్నవి. మిరపచేనిలో కావలియున్నవాని తుపాకికి అచ్చట చోటు దొరకుట కష్టము. దానికి చోటు ఇచ్చటనే.

దీనికి ఖర్చెంతయని అడుగువారుందురు. ఒక గది, ఒక తాళము, నాలుగు గాజుపెట్టెలు, శ్రద్ధగల గుమాస్తా ఒకడు. ఇంతకన్న పెద్ద మొత్తములు శిలాఫలకములకే వ్యయమగుట మనము చూచుచునేయున్నాము.

ఆ రైతును మేము మఱల కలిసికొంటిమి. తాతగారి తుపాకి దొరకలేదుగాని, దాని లైసెన్సు కాగితము దొరకినదని ఇనుపపెట్టెనుండి తీసి చూపెను. నిజాము కాలపు ఉర్దూ వ్రాత, మాసిన మొహరు, తాతగారి వ్రేలిముద్ర. తుపాకి లేనిది ఈ కాగితమునకేమైన విలువయున్నదా యని అడిగెను. భద్రముగా నుంచుమని చెప్పితిమి. ఆయన దానిని జాగ్రత్తగా మడిచి, ఆ యేటి మిరప అమ్మకపు తక్‌పట్టీల నడుమ పెట్టుకొని, బండి కదలుచున్నదని తొందరగా వెడలిపోయెను.